మీ నాన్నకు పంపిన విటమిన్ సి బిళ్ళల గురించి

చిరంజీవి సుధాకర్‌కు మేనత్త ఆశీస్సులు.

మొన్న ఆదివారం మీ ఇంటికి వెళ్లినప్పుడు నీవు పంపిన నారింజ రంగు డబ్బాను తమ్ముడు ఎంతో సంతోషంగా చూపించాడు. నీళ్లలో వేస్తే బుసబుస పొంగే ఆ బిళ్ళ ఒక్కొక్కదానిలో 1000 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంది. ఉదయం ఒకటి, రాత్రి ఒకటి వేసుకోమని నీవు చెప్పావట. తండ్రి ఆరోగ్యం గురించి నీకున్న ఆరాటం నాకు తెలుసు. అయినా ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ ఆసుపత్రిలో మందులిచ్చిన దానిని కనుక, చూసి ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

"ఎక్కువైతే మూత్రంలో పోతుంది కదా అత్తయ్యా" అని నీవు ఫోనులో అన్నావు. ఆ మాట నిజమే, కానీ అది పోయే దారి మూత్రపిండాలే. మనం తీసుకున్న విటమిన్ సిలో కొంత భాగం శరీరంలో ఆక్సలేట్‌గా మారుతుంది. అది మూత్రంలోని కాల్షియంతో కలిసి రాయి కడుతుంది. నాలుగేళ్ల క్రితం మీ నాన్నకు తీసిన రాయి సరిగ్గా ఆ రకానిదేనని అప్పటి రిపోర్టులో ఉంది, ఆ కాగితం నేను చూశాను. స్వీడన్‌లో 23 వేలకు పైగా పురుషులను దాదాపు 11 ఏళ్లపాటు గమనించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, విటమిన్ సి బిళ్ళలు వాడినవారికి రాళ్లు ఏర్పడే అవకాశం మిగిలినవారికంటే సుమారు రెట్టింపు ఉన్నట్లు తేలింది. ఒకసారి రాయి వచ్చినవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా ఇంత మోతాదు ముట్టకూడదు. కనుక మీ నాన్న ఆ డబ్బాను ఈరోజే పక్కన పెట్టాలి.

అసలు మనిషికి కావలసినది ఎంతో తెలిస్తే నీకే ఆశ్చర్యం కలుగుతుంది. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పురుషులకు రోజుకు 80 మిల్లీగ్రాములు, స్త్రీలకు 65 మిల్లీగ్రాములు చాలు. బిడ్డకు పాలిచ్చే తల్లికి మాత్రం 115 అవసరం. నూరు గ్రాముల జామపండులోనే సుమారు 200 మిల్లీగ్రాములు ఉంటుంది. పెద్దలకు రోజుకు 2000 మిల్లీగ్రాములు గరిష్ఠ పరిమితి అని అంటారు, కానీ అది ఆరోగ్యవంతులు దాటకూడని హద్దే తప్ప అందుకోవలసిన మోతాదు కాదు. పైగా తక్కువ మోతాదులో చాలా భాగం ఒంటపట్టినా, ఒక్కసారి 1000 మిల్లీగ్రాములు దాటితే సగం కూడా పట్టదు. మిగిలినది పేగుల్లోకి నీటిని లాగి కడుపు నొప్పినీ, విరేచనాలనూ తెస్తుంది.

నాకు ఇంకొక భయం ఉంది. తమ్ముడికి చక్కెర వ్యాధి ఉంది కదా, ఇంట్లో వేలు పొడిచి చూసుకునే గ్లూకోమీటర్లలో కొన్ని, రక్తంలో ఎక్కువగా ఉన్న విటమిన్ సిని కూడా చక్కెరగా లెక్కగట్టి అసలు కంటే ఎక్కువ అంకె చూపిస్తాయి. ఆ అంకెను నమ్మి ఇన్సులిన్ పెంచితే చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది. మూత్రంలో చక్కెర చూసే పట్టీలో ఇందుకు విరుద్ధంగా, ఉన్న చక్కెర లేనట్లు కనిపించవచ్చు. కనుక ఏ పరీక్షకు వెళ్లినా ఇంతకాలం ఈ బిళ్ళలు వాడినట్లు ల్యాబులో ముందే చెప్పమను. పొంగే బిళ్ళలో సోడియం కూడా ఉంటుంది, అది రక్తపోటు మందు వాడుతున్న మనిషికి మంచిది కాదు.

ఎవరికీ వద్దని నేను అనడం లేదు. పండ్లూ కూరగాయలూ సరిగా తిననివారికీ, పొగ తాగేవారికీ రోజుకు 100 మిల్లీగ్రాముల బిళ్ళ ఒకటి, భోజనం తరువాత, మేలు చేస్తుంది. కోడలు రక్తహీనతకు వేసుకుంటున్న ఐరన్ మాత్రకైతే బిళ్ళ కూడా అక్కరలేదు, నిమ్మరసం కలిపిన నీళ్లతో వేసుకుని, టీ మాత్రం గంట తరువాత తాగితే చాలు. థలసీమియా వంటి కారణాలతో ఒంట్లో ఇనుము పేరుకుపోయేవారు, ఎర్ర రక్తకణాలను కాపాడే జి6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవారు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడేవారు మాత్రం డాక్టరు చెప్పనిదే తీసుకోకూడదు. జలుబు పట్టిన తరువాత మొదలుపెడితే పెద్దగా ప్రయోజనం ఉన్నట్లు పరీక్షల్లో తేలలేదు.

నీ పిల్లల కోసం కొన్న చప్పరించే బిళ్ళలను కూడా అందని ఎత్తులో పెట్టు. పిప్పరమెంట్లనుకుని అలాంటి బిళ్ళలను గుప్పెడు తినేసిన పిల్లవాడిని ఎత్తుకుని ఒక తల్లి కంగారుగా మా కౌంటరు దగ్గరకు వచ్చిన రోజు నాకు ఇప్పటికీ గుర్తు. ఈ చప్పరించే బిళ్ళలు పుల్లని ఆమ్లం కనుక పళ్ల పైపొరను తింటాయి. చప్పరించాక నీళ్లతో పుక్కిలించాలి, వెంటనే బ్రష్ చేయకూడదు. బిళ్ళ మీద గోధుమ రంగు మచ్చలు కనబడితే చెమ్మ తగిలి పాడైనట్లే, పారవేయి.

తమ్ముడికి జామకాయలు, ఉసిరికాయలు ఈ వారమే పంపుతున్నాను. పులిహోర చేసినప్పుడు నిమ్మరసాన్ని పొయ్యి మీద నుంచి దించాకనే పిండమని మీ అమ్మతో చెప్పు, వేడికి ఈ విటమిన్ పోతుంది. వచ్చే నెల పరీక్షల కాగితాలతో పాటు ఆయన వాడే మందుల చీటీ కూడా నాకు ఫోటో తీసి పంపు.

ఇట్లు,
మీ మేనత్త