వైరస్ పాఠానికి కోటగోడ పోలిక వద్దు

హనుమకొండ

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

వచ్చే వారం నర్సంపేట బడిలో వైరస్ పాఠం మొదలుపెడతానన్నావు. ఆ పాఠాన్ని ముప్పై ఏళ్లు చెప్పాను కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

కణత్వచాన్ని, అంటే కణం చుట్టూ ఉండే పొరను, ఖిలా వరంగల్ కోటగోడతో పోల్చాలని నీకు అనిపిస్తుంది. పిల్లలందరూ చూసిన కోట కదా! వద్దమ్మా. నేను ఏళ్ల తరబడి అదే చెప్పి, వైరస్ గోడకు కన్నం వేసి దూరుతుందని పిల్లలను నమ్మించాను. కణత్వచం రాయి కాదు. రెండు వరుసల కొవ్వు అణువుల పొర, మందం సుమారు 7, 8 నానోమీటర్లు, క్షణం కదలకుండా ఉండదు.

పళ్లెంలో నీళ్లు పోసి రెండు నూనె చుక్కలు వెయ్యి. పుల్లతో దగ్గరకు జరిపితే అంచులు తాకి రెండూ ఒక్కటవుతాయి. కొవ్వు పొర ఉన్న వైరస్‌లు కణంలోకి వెళ్లేది ఇలా కలిసిపోయే. అక్కడ పుల్ల పని చేసేది వైరస్ మీది ప్రోటీన్. పోలియో వైరస్‌కు ఆ పొర లేదు, దాని దారి వేరని ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్లు.

ఫ్లూ దగ్గర మాత్రం నిదానించు. ఆ వైరస్ కణం మీది సియాలిక్ ఆమ్లం అనే చక్కెరను పట్టుకుని ఊరుకుంటుంది. ఇలా వైరస్‌కు పట్టు దొరికే అణువునే గ్రాహకం అంటాం. దానికి కాళ్లు లేవు, సొంత శక్తి లేదు. లోపలికి మింగేది కణమే! బయటి పదార్థాలను రోజూ మింగినట్టే చిన్న సంచిలో చుట్టి తీసుకుంటుంది, ఆ సంచిని పులుపెక్కిస్తుంది. పులుపు పెరిగేకొద్దీ తగ్గే పీహెచ్ కొలత 5 దగ్గరకు దిగగానే వైరస్ మీది హిమాగ్లుటినిన్ అనే ప్రోటీన్ ఆకారం మారి, సంచి పొరను తన పొరకు లాగి కలిపేస్తుంది. జన్యుపదార్థం కణంలోకి జారుతుంది. ఇది చెప్పినప్పుడు తరగతి నిశ్శబ్దమైపోవడం ఎన్నోసార్లు చూశాను.

ఒకసారి వెనక బెంచీ పిల్లవాడు లేచి, "వైరస్ పట్టుకునే గ్రాహకాన్ని మన కణం అసలెందుకు పెట్టుకుంది సార్?" అన్నాడు. నేను తడబడ్డాను. నువ్వు సిద్ధంగా ఉండు. కరోనా పట్టుకునే ఏసీఈ2 అనే ప్రోటీన్ ఉన్నది రక్తపోటును అదుపులో ఉంచే పనికి. హెచ్‌ఐవీ పట్టుకునే సీడీ4 అనే ప్రోటీన్, రక్షక కణాలకు శత్రువును గుర్తించడంలో సాయపడేది. మన అవసరానికి ఉన్నవాటినే వైరస్‌లు వాడుకుంటున్నాయి.

చివర్లో నూనె మీద సబ్బునీళ్ల చుక్క వేసి చూపించు. చెదిరిపోతుంది. వైరస్ కొవ్వు పొర కూడా సబ్బుకు ఇలాగే చెదురుతుందని చెబితే, చేతులు ఎందుకు కడుక్కోమంటారో వాళ్లకే తెలుస్తుంది. సబ్బు తగిలిన పళ్లెంలో మళ్లీ చుక్క నిలవదు, అందుకని రెండు పళ్లేలు తీసుకెళ్లు. పుల్ల పిల్లల చేతికే ఇవ్వు.

మీ మామయ్య