చెవి సీను తీసెయ్యి, చిట్టీ

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఇది డిప్లొమా ఫిల్మ్ అంటూ ఎవరో పిచ్చి పెయింటరు కథ తీస్తుందట. మన వీధి చివర తలుపేసుకుని ఉండే ఆయన్ని చూసే రాసిందట. నువ్వైనా చెప్పు" అంది. స్క్రిప్టు పేజీలు ఫోటోలు తీసి పంపింది కూడా. దాన్ని కోప్పడకు, నేనే అడిగాను. మనింట్లో ఇంకొకరు సినిమా పని పట్టుకున్నారని ఎంత సంబరపడ్డానో, ఏడో సీను చదివాక అంత టెన్షన్ పట్టుకుంది.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. పది నిమిషాలు దాటనివ్వకు. ఇంటివాళ్ళ దగ్గర అనుమతి కాగితం మీద తీసుకో. ఏ రోజు ఫుటేజీ ఆ రాత్రే రెండు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించు. అన్నం టైముకి పెట్టించు, ఆకలేసినవాడికి నీ షాటు కనపడదు. సౌండు తీసుకునేటప్పుడు ఫ్యాను, ఫ్రిజ్ ఆపేయిస్తావు కదా, నీ బండి తాళం ఆ ఫ్రిజ్‌లోనే పెట్టు. లేకపోతే మళ్ళీ ఆన్ చేయడం మర్చిపోయి ఇంటికెళ్ళిపోతావు, ఇంటావిడ పాలు విరిగిపోతాయి.

బొమ్మ సంగతి మాత్రం కాస్త జాగ్రత్తగా విను, ఇది నా డిపార్ట్‌మెంటు. కథలో ఒకే బొమ్మ మూడు రాత్రుల్లో పూర్తవుతుంది. షెడ్యూల్ చూస్తే మొదటి రోజే పూర్తయిన బొమ్మ కావాలి, మర్నాడు సగం బొమ్మ కావాలి. ఒక్క కాన్వాసుతో ఎలా? ఒకే సైజువి నాలుగు కొను. ఖాళీది ఒకటి, బొగ్గు గీతలది ఒకటి, సగం రంగులది ఒకటి, పూర్తయినది ఒకటి. అన్నీ ఒకే చేత్తో వేయించు. ఆయిల్ రంగులు ఆరడానికి రోజులు పడుతుంది, పైగా లైటు పడితే మెరుస్తాయి. అక్రిలిక్ తొందరగా ఆరుతుంది, కాకపోతే ఆరాక కొంచెం ముదురు రంగుకి తిరుగుతుంది. కాబట్టి తడి షాటు పక్కన ఆరిన షాటు వెయ్యకు. మాసబ్ ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో పెయింటింగ్ చదివే పిల్లలెవరినైనా అడుగు. ఊరికే చేయించుకోకు, డబ్బివ్వు. చేతి క్లోజప్పులకి ఆ పిల్లాడి చెయ్యే పెట్టు. మీ హీరో కుంచెని పెన్సిల్లా మొన దగ్గర పట్టుకుంటాడు. బొమ్మలేసేవాడు వెనక్కి పట్టుకుని భుజం నుంచి లాగుతాడు. చూసేవాళ్ళు ఇట్టే పట్టేస్తారు.

ఇక ఏడో సీను. మీవాడు అద్దం పగలగొట్టి, రంగులు ఒళ్ళంతా పూసుకుని, అరుస్తూ చెవి దగ్గర కత్తి పెట్టుకుంటాడు. పక్కన మార్జిన్లో 'వాన్ గో' అని రాసుకున్నావు. అమ్మా, ఆ డచ్ పెయింటరు వాన్ గో చెవి కోసుకున్నది 1888 డిసెంబర్లో ఒక్క రాత్రి. తర్వాత 1889 మే నుంచి ఏడాది పాటు ఫ్రాన్సులో సెయింట్ రెమీ మానసిక ఆసుపత్రిలో ఉండి నూటయాభై దాకా బొమ్మలు వేశాడు. జబ్బు తిరగబెట్టినప్పుడు పని సాగేది కాదు, తేరుకున్నాక మళ్ళీ కూర్చునేవాడు. తమ్ముడు థియోకి ఆరువందలకి పైగా ఉత్తరాలు రాశాడు, వాటి నిండా రంగుల లెక్కలు, డబ్బు లెక్కలే. అన్న పోయిన ఆర్నెల్లకే తమ్ముడూ పోతే, ఆ బొమ్మల్ని కాపాడి, ఉత్తరాల్ని 1914లో అచ్చు వేయించింది తమ్ముడి భార్య యోహన్నా. మరి నీ స్క్రిప్టులో ఆ తమ్ముడేడి? ఆ యోహన్నా ఏది? మీవాడికి పాలు ఎవరు పోస్తున్నారు? కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారు? ఇల్లు కదలని మనిషి వెనకాల బయట తిరిగేవాళ్ళు ఒకరిద్దరు తప్పకుండా ఉంటారు.

నేనెందుకింత గట్టిగా చెబుతున్నానంటే, మద్రాసులో అసిస్టెంటుగా ఉన్న రోజుల్లో ఇలాంటి డాక్యుమెంటరీ ఒకటి ఎలా పాడైందో దగ్గరుండి చూశాను. డైరెక్టరు పేరెందుకులే. మైలాపూర్లో మేడ మీద గది. ఒకప్పుడు బాగా పేరున్న పెయింటరు, ఏళ్ళ తరబడి బయటికి రావడం మానేశాడు. రోడ్డు మీద లారీ హారన్ కొడితే చెవులు మూసుకునేవాడు. మేం ఎలాంటి గది ఊహించుకుని వెళ్ళామో నీకు తెలుసు, అచ్చం నువ్వు రాసిన గదే. తలుపు తీస్తే లోపల మా అమ్మమ్మ దేవుడి గూడులా ఉంది. కుంచెలు కడిగి, పెద్దదాని నుంచి చిన్నదాని దాకా గుడ్డ మీద వరసగా పరిచి ఉన్నాయి. రంగు ట్యూబులు అడుగు నుంచి మడుచుకుంటూ వచ్చి ఆఖరి చుక్క దాకా వాడినవి. కుంచె తుడుచుకోవడానికి పాత పేపరు చదరాలుగా కత్తిరించి, ఎగరకుండా మీద ఒక నున్నటి రాయి పెట్టుకున్నాడు.

మా డైరెక్టరుకి నచ్చలేదు. "ఇదేమిటయ్యా, గుమాస్తా గదిలా ఉంది, కాస్త పాడు చెయ్యండి" అన్నాడు. చేశాం. ట్యూబులు చిందరవందర చేశాం, పేపరు ముక్కలు నలిపి నేల మీద జల్లాం, కిటికీకి నల్ల గుడ్డ కట్టాం. ఆయన మూల స్టూలు మీద కూర్చుని చూస్తున్నాడు. ఒక్క మాట అనలేదు. "ఆయన ఒప్పుకున్నాడు" అని డైరెక్టరు అందరితో చెప్పాడు. నలుగురిని చూస్తేనే వణికిపోయే మనిషి ఆ నలుగురి ముందు వద్దని ఎలా అంటాడే?

కాసేపటికి ఆయన లేచి, కింద పడ్డ పేపరు ముక్కలు ఒక్కొక్కటీ ఏరి, తొడ మీద పెట్టుకుని అరచేత్తో సాపు చేయడం మొదలుపెట్టాడు. డైరెక్టరు అదీ తీశాడు. తెర మీద చూస్తే అచ్చం పిచ్చి చేష్టే. అంతకుముందు అవి రాయి కింద ఎంత పొందిగ్గా ఉండేవో చూసిన మాకు తప్ప ఎవరికి తెలుస్తుంది? ఆ వీధి వాళ్ళు ఆ సినిమా చూశారు. ఆ తర్వాత ఆయనకి వీధిలో వేరే పేరు పడింది, అది నీకు చెప్పను.

అసలు సినిమా గుమ్మంలోనే ఉంది. రోజూ మధ్యాహ్నం చెల్లెలి కొడుకు క్యారియర్ తెచ్చి అక్కడ పెట్టి, నిన్నటిది పట్టుకెళ్ళేవాడు. నిన్నటిది శుభ్రంగా కడిగి, పై గిన్నెలో ఆ కుర్రాడి బస్సు ఛార్జీకి చిల్లర వేసి ఉండేది. కెమెరా అసిస్టెంటు అది తీద్దామన్నాడు. ఫిల్మ్ వేస్టన్నాడు డైరెక్టరు.

అందుకని మన వీధి పెద్దాయన జోలికి వెళ్ళకు. ఎదురు డాబా మీంచి జూమ్ పెట్టి కిటికీ తీద్దామని షాట్ లిస్టులో ఉంది, చూశాను. సిగ్గనిపించలేదూ? చిన్నప్పుడు ఎవరైనా ఫోటో తీస్తామంటే మంచం కింద దూరేదానివి. నిన్ను బయటికి లాగి తీయలేదు కదా ఎవరూ. ఊరు మార్చు, ఇల్లు మార్చు, ఆ పచ్చ గేటు తీసెయ్యి. పచ్చ గేటు ఉంటే పేరు మార్చి ఏం లాభం? ఆయన బొమ్మలు నిజంగా చూపించాలనుంటే, భోజనం పంపే వాళ్ళమ్మాయి ద్వారా అడిగించు. సరే అన్నా వారం ఆగి మళ్ళీ అడిగించు.

చివరి సీనులో ఫ్యానూ తాడూ అసలే వద్దు. అలాంటి షాటు క్షేమంగా తీయించే ఫైటు మాస్టరు నీ యూనిట్లో లేడు, చూసేవాళ్ళలో ఏ బిడ్డ ఏ మనసుతో ఉంటుందో నీకు తెలియదు. ఆఖర్న మానసిక సాయానికి ఫోన్ చేసే టెలి మానస్ నంబరు 14416 వేసేస్తే సరిపోతుందని మాత్రం అనుకోకు.

ఇంకొకటి. ఇది నా భయమే అనుకో, అయినా విను. క్లోజప్పుకి ఆయిలే బాగుంటుందని ఆ పెయింటరు పిల్లాడు అవిసె నూనె తెస్తాడు. ఆ నూనె ఆరేటప్పుడు గాలితో కలిసి వేడెక్కుతుంది. తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటాయి. ఒక సెట్ గోడౌను అలా పోవడం నేను చూశాను. గుడ్డల్ని నీళ్ళు పోసిన రేకు డబ్బాలో వేసి మూత పెట్టించు, ఆ పని ఒకరికి అప్పజెప్పు. రంగులు పలచన చేసే టర్పెంటైన్ సీసాలో నీళ్ళే పోయించు, కెమెరాకి తేడా తెలియదు. కిటికీలు మూసిన గదిలో ఆ వాసన నీ ఆయాసానికి పడదు. ఇన్‌హేలర్ బ్యాగులో కాదు, జేబులో పెట్టుకో.

కాన్వాసు నిలబెట్టే నా పాత ఈజిల్, రంగు మరకలున్న స్టూలు బస్సు పార్సిల్లో వేస్తున్నాను, రసీదు ఫోటో పంపుతాను. కాస్త డబ్బు నీ ఖాతాలో వేశాను. అది భోజనాలకే, లెన్సు అద్దెకి కాదు. అమ్మకి చెప్పకు. ఏడో సీను మళ్ళీ రాసి ఆదివారంలోగా పంపు, ఈసారి నువ్వే పంపు.

మీ మావయ్య