కమాన్ పట్టీ తీసేస్తే టైరుకు పట్టొస్తుందా?

బండి ముచ్చట్లు: పాఠకుల ప్రశ్నలకు నల్లగొండ షెడ్డు నుంచి జవాబులు

ప్రశ్న: మా తాత నడిపిన అంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్ నా చేతికొచ్చింది. ఇంజిన్ పని అంతా చేయించాను. శ్రీపెరుంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో డ్రాగ్ రేసు (తిన్నని దారిలో ఆగిన చోటి నుంచి దూకే పందెం) పెట్టినప్పుడు ఒక్కసారైనా దించాలని ఆశ. కానీ రేజ్ చేసి క్లచ్ వదలగానే వెనక దడదడమని ఎగురుతుంది. కుడి చక్రం పొగలు కక్కుతుంది, బండి మాత్రం అక్కడే ఉంటుంది. ఒక్కో వైపు ఒక కమాన్ పట్టీ (వెనక స్ప్రింగు కట్టలోని ఇనుప పట్టీ) తీసేస్తే వెనక కూర్చుని పట్టు దొరుకుతుందని మా ఊరి మెకానిక్ అంటున్నాడు. తీయించమంటారా? ప్రస్తుతానికి రాత్రి పన్నెండు దాటాక హైవే మీద ప్రాక్టీస్ చేస్తున్నాను.
(ఒక పాఠకుడు, జడ్చర్ల)

జవాబు: తీయించకు తమ్ముడూ. నా మనవడి ఈడువాడివి కాబట్టి నువ్వు అనే అంటాను, ఏమనుకోకు.

ముందు ఆ చివరి మాట సంగతి తేల్చుకుందాం. అది చదివాక నీ ఉత్తరం పక్కన పడేద్దామనుకున్నాను. రోడ్డు మీద వేగం పందేలకు మోటారు వాహనాల చట్టంలో 189వ సెక్షన్ ఉంది. మొదటిసారికే మూడు నెలల దాకా జైలు, లేదా 5000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అది అలా ఉంచు. జడ్చర్ల దగ్గర ఆ రోడ్డు మీద అర్ధరాత్రి లైట్లు లేకుండా ఆగి ఉండే లారీలు నీకు తెలియనివి కావు. ట్రాక్ దాకా ఓపిక పట్టు. దేశంలో మోటారు పందేలను చూసే సంఘం ఎఫ్‌ఎంఎస్‌సీఐ ఇచ్చే లైసెన్స్‌కు ఇప్పుడే అప్లై చేసుకో, గుర్తింపు ఉన్న పోటీకి అది కావాలి.

ఇక కమాన్ సంగతి. మీ మెకానిక్ పొరపాటు ఎక్కడంటే, వెనక కూర్చోవడం, వెనక బరువు పడటం ఒకటే అనుకుంటున్నాడు. రెండూ వేరు. కాగితం తీసుకుని లెక్క వెయ్యి. బండి, నువ్వు కలిపి 1200 కిలోలు అనుకుందాం. బరువు కేంద్రం నేల నుంచి 55 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. ముందు చక్రం నుంచి వెనక చక్రానికి దూరం అంబాసిడర్‌కు 2464 మిల్లీమీటర్లు. 0.4 జి, అంటే భూమి లాగే వేగంలో పదింట నాలుగు వంతుల చొప్పున బండి ముందుకు దూకితే, 1200ని 0.4తో, 0.55తో గుణించి 2.464తో భాగిస్తే దాదాపు 107 వస్తుంది. అంటే ముందు చక్రాల నుంచి వెనక చక్రాల మీదకు 107 కిలోలు వెళ్తాయి. ఈ లెక్కలో కమాన్ ఎక్కడైనా కనబడిందా? లేదు. నువ్వు పట్టీ తీసినా, రెండు పట్టీలు ఎక్కువ వేసినా ఆ 107 కాస్త అటూ ఇటూ అంతే. పట్టీ తీస్తే డిక్కీ కిందికి దిగుతుంది, చూసేవాళ్లకు బలంగా లాగుతున్నట్టుంటుంది. టైరుకు ఒరిగేదేమీ లేదు.

పైగా నష్టం ఉంది. పొలంలో దమ్ము చేసేటప్పుడు కేజ్ వీల్స్ బురదలో దిగబడిపోతే ట్రాక్టర్ ముందు భాగం గాల్లోకి లేస్తుంది, చూసే ఉంటావు. చక్రం తిరగనంటే దాన్ని తిప్పేది ఎదురు తిరుగుతుంది. నీ అంబాసిడర్ వెనక హౌసింగ్‌కు, అంటే వెనక ఇరుసులు ఉండే ఇనుప పెట్టెకు కూడా అదే జరుగుతుంది. చక్రం ముందుకు తిరుగుతుంటే హౌసింగ్ ముక్కు, అంటే ఇంజిన్ బలాన్ని వెనక్కి తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ వచ్చి కలిసే చోటు, పైకి లేవాలని చూస్తుంది. దాన్ని పట్టి ఉంచేది ఆ కమాన్ కట్టలే. అవి వంగి పాములా మెలిక తిరుగుతాయి, టైరు పట్టు జారగానే ఒక్కసారిగా తిరిగి సాగుతాయి. మళ్లీ పట్టు, మళ్లీ మెలిక. సెకనుకు ఎన్నోసార్లు జరిగే ఈ తంతే నీకు వినబడే దడదడ. ఒక పట్టీ తీస్తే కట్ట ఇంకా మెత్తబడి మెలిక ఇంకా పెరుగుతుంది.

నేను మిర్యాలగూడలో హెల్పర్‌గా ఉన్న రోజుల్లో మా ఉస్తాద్ ఒక రైస్ మిల్లు సేటు అంబాసిడర్‌కు ఇలాగే ఒక్కో పట్టీ తీశాడు. సేటు వాళ్లమ్మకు నడుం నొప్పి, మెత్తగా ఉండాలన్నారు. మెత్తగానే ఉంది. మూడో నెలలో మిల్లు గేటు దగ్గర ఎత్తు మీద బండి లాగుతుంటే వెనక క్రాస్ (షాఫ్ట్‌ను హౌసింగ్‌కు కలిపే కీలు) విరిగి, షాఫ్ట్ కింద పడి నేలను దున్నింది. షాఫ్ట్ మోసుకొచ్చింది నేనే కాబట్టి ఆ బరువు ఇప్పటికీ భుజానికి గుర్తుంది. పట్టీలు తిరిగి వేస్తూ ఉస్తాద్ ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

మరి ఏం చెయ్యాలి? డబ్బు పెట్టకముందు బండి కిందికి దూరు. టేపు పెట్టి ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు రెండు వైపులా కొలువు. స్టీరింగ్ నిటారుగా ఉండాలి. రెండు వైపులా ఒకే కొలత రాకపోతే ఒక వైపు కమాన్ కట్టను మధ్యలో పట్టి ఉంచే సెంటర్ బోల్టు తెగి హౌసింగ్ జరిగి ఉండొచ్చు. తాతల నాటి బండిలో ఇది మామూలే. యూ బోల్టులు బిగించు, కమాన్ కంటి (పట్టీ చివర చుట్టిన రంధ్రం) బుష్‌లు, షాకిల్ బుష్‌లు మార్చు. సగం దడదడ ఇక్కడే పోయినా నేను ఆశ్చర్యపోను.

తర్వాత పరీక్ష. ఖాళీ జాగాలో ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, వెనక చక్రం పక్కన దూరంగా ఫోన్‌ను స్లో మోషన్‌లో నేల మీద నిలబెట్టు. బండికి ముందుగానీ వెనకగానీ మనిషి ఉండొద్దు. సుద్దముక్కతో టైరు మీద, రిమ్ము మీద కలిపి ఒకే గీత గియ్యి. హౌసింగ్ ముక్కుకు తెల్ల టేపు ముక్క అతికించు. మొదటి గేరులో కాలు బ్రేక్ దగ్గరే సిద్ధంగా ఉంచి, నొక్కకుండా క్లచ్ కొద్దికొద్దిగా వదులు; వెనక బ్రేకు పట్టి ఉంటే ముక్కు లేవదు. ఒక్క రెండు సెకన్లు, అంతకు మించితే క్లచ్ ప్లేటు వాసన వస్తుంది. వీడియోలో తెల్ల టేపు ఎంత పైకి లేచిందో చూడు. అదే నీ రోగం. తర్వాత నిజంగా ఒకసారి లాగి ఆపి గీత చూడు. టైరు మీది గీత, రిమ్ము మీది గీత విడిపోతే టైరు రిమ్ము మీదే జారుతోందని అర్థం. అప్పుడు గాలి మరీ తక్కువైనట్టు.

మందు రెండు రకాలు. చవకది ఏమిటంటే, కట్టలో హౌసింగ్‌కు ముందున్న సగాన్ని గట్టి చెయ్యడం. లారీ కమాన్‌లు చేసే షాపుకెళ్లి, ముందు సగంలో పట్టీలన్నీ కలిపి పట్టేలా అదనంగా రెండు క్లిప్పులు వేయించు. వెనక సగం జోలికి పోవద్దు, అది విడిగా వంగితేనే మంచిది. ముక్కు పైకి లేవకుండా ఆపేది ముందు సగమే, వెనక సగం ఉన్నది ఊగడానికి. అసలు మందు ట్రాక్షన్ బార్. హౌసింగ్ దగ్గర కట్టకు బిగించి, ముందు కమాన్ కంటి కింద దాకా వెళ్లే ఇనుప కడ్డీ, చివర రబ్బరు ముద్ద. ముక్కు లేవబోతే కడ్డీ కూడా తిరగబోతుంది, ఆ రబ్బరు వెళ్లి పైన ఆనుకుని ఆపుతుంది. ఆ రబ్బరు సరిగ్గా కంటి కిందే తగలాలి. నాలుగంగుళాలు వెనక్కి వస్తే కమాన్ మధ్యలో పొడిచి వంచేస్తుంది. మన దగ్గర వెల్డింగ్ వాళ్లు పొడవు కొలవకుండా కోసేది ఇక్కడే.

కుడి చక్రమే ఎందుకు పొగ కక్కుతుందంటావా? ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరుగుతూ హౌసింగ్‌ను కూడా తనతో మెలితిప్పబోతుంది. దాంతో ఎడమ టైరు మీద బరువు పెరుగుతుంది, కుడి టైరు తేలికవుతుంది. రెండు వెనక చక్రాలకు బలం పంచే మామూలు డిఫరెన్షియల్‌లో తేలికైన చక్రం జారితే రెండోదానికీ అంతే బలం అందుతుంది. అందుకే నేను కుడి వైపు రబ్బరును కంటికి ఆనించి, ఎడమ వైపు ఒక వేలు సందు వదులుతాను. కుడిది ముందు పని మొదలుపెడుతుంది. డిఫరెన్షియల్‌కు వెల్డింగ్ పెట్టించమని ఎవడైనా చెప్తే మాత్రం వినకు. ఆ బండి మలుపు తిరగదు, నువ్వు దాన్ని ఇంటికి కూడా తోలుకురావాలి కదా.

ఇక కోణం. బార్ వేశాక హౌసింగ్ ముక్కు, షాఫ్ట్ గీత కంటే రెండు మూడు డిగ్రీలు కిందికి చూడాలి. లాగినప్పుడు అది లేచి తిన్నగా వస్తుంది. బార్ లేకుండా ఉత్త కమాన్ మీదైతే ఐదారు డిగ్రీలు కావాలి, కానీ రోజూ తిరిగే బండికి అది వణుకు తెస్తుంది. హౌసింగ్‌కు, కట్టకు మధ్య వెడ్జ్ ముక్కలు పెట్టి సరిచేస్తారు.

షాకబ్జర్లు వెనకవి కొత్తవి వేసుకో. ముందువి లేచేటప్పుడు సులువుగా లేవాలి, దిగేటప్పుడు నెమ్మదిగా దిగాలి, అలాంటివి రేసు కోసం ప్రత్యేకంగా చేస్తారు. 75 గుర్రాల బండికి అంత ఖర్చు నేనైతే పెట్టను. డ్రాగ్‌లో మొత్తం దూరం 402 మీటర్లే, కానీ నీ గెలుపూ ఓటమీ తేలేది మొదటి 60 అడుగుల్లో. ట్రాక్ చీటీ మీద ఆ అంకె ఉంటే నోటుబుక్కులో రాసుకో. ఒకసారికి ఒకటే మార్చు, రెండు కలిపి మార్చావంటే ఏది పని చేసిందో నీకూ తెలియదు, నాకూ తెలియదు.

ప్రశ్న: నేను టీచర్‌ని. మా అబ్బాయి స్విఫ్ట్‌కు వెనక మెత్తటి స్ప్రింగులు వేయించి, డ్రాగ్ రేసుకు పనికొస్తుందంటున్నాడు. నిజమేనా?
(ఒక పాఠకురాలు, దేవరకొండ)

జవాబు: కాదమ్మా. స్విఫ్ట్‌ను లాగేవి ముందు చక్రాలు. పైన జడ్చర్ల తమ్ముడికి చెప్పిన ఆ 107 కిలోలు మీ అబ్బాయికి శత్రువు, అవి పోయేది లాగే చక్రాల మీది నుంచే. ఆపడం కుదరదు, కానీ వెనక గట్టిగా ఉంటే ముక్కు ఎగరడం తగ్గి ముందు చక్రాలు కుదురుగా ఉంటాయి. అంటే వెనక మెత్తవి కాదు, గట్టివి కావాలి. నా సలహా అడిగితే కంపెనీ స్ప్రింగులు తిరిగి వేయించి, ఆ డబ్బుతో ముందు రెండు మంచి టైర్లు కొనిపెట్టండి. డిక్కీలో స్టెప్నీ, జాకీ రేసు పూట దించేయమనండి. ఇంటికి వచ్చేటప్పుడు తిరిగి పెట్టుకోవడం మరచిపోతారు ఈ పిల్లలు, మీరే గుర్తు చెయ్యాలి.

ప్రశ్న: రేసుకు లాగే టైర్లలో గాలి ఎంత ఉంచాలి?
(ఒక పాఠకుడు, కోదాడ)

జవాబు: మామూలు రోడ్డు టైరైతే 30 పీఎస్‌ఐ నుంచి మొదలుపెట్టి రెండేసి పాయింట్లు దించుతూ చూడండి, 24 దగ్గర ఆగండి. సుద్ద గీత విడిపోయిందా, వెంటనే రెండు పెంచండి. కొలిచేది చల్లటి టైరుకు. ఇంటిదారి పట్టే ముందు మళ్లీ 30.