.32 రివాల్వర్‌కి చెక్క పిడి ఉంచాలా, రబ్బరు గ్రిప్ వేయించాలా?

గుణుపూర్ నుంచి అడిగిన బ్రదర్‌కి. మీరు రాసింది ఏటంటే నాన్నగారి ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ .32 రివాల్వర్ ఇప్పుడు మీ లైసెన్స్ మీదకి వచ్చింది, ఒక పక్క చెక్క పిడి చీలింది, మీకు అరచేతిలో చెమట ఎక్కువ, షాపాయన రబ్బరు వేయించేయండి దెబ్బ తగలదు అంటున్నాడు, నిజమేనా అని. నాది పర్లాకిమిడి, ఆర్మీ నుంచి రిటైర్ అయ్యాక తీసుకున్నది అదే కాన్పూరు .32, మా బావమరిది దగ్గర కూడా అదే మోడలు, ఆయనది రబ్బరు నాది చెక్క, అంచేత రెండూ బాగానే వాడి చూశాను. నా ఓటు చెక్కకే, కాకపోతే గళ్ళు చెక్కిన చెక్కకి. అద్దంలా పాలిష్ కొట్టినది ఊరికే ఇచ్చినా వద్దు.

ముందు ఆ దెబ్బ సంగతి, అంటే కాల్చినప్పుడు తుపాకీ చేతిని వెనక్కి తన్నడం. రబ్బరు గొప్ప అంతా పెద్ద తూటాల దగ్గర పుట్టింది. అమెరికాలో .357 మాగ్నం అనే పెద్ద తూటా కాల్చేవాళ్ళు ఉంటారు, 158 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గుండు బరువు కొలత) గుండు సెకనుకి 1,200 అడుగుల పైన పోతుంది, అక్కడ గట్టి చెక్క బొటనవేలు మొదట్లో గుద్దుతుంటే మెత్తటి రబ్బరు నిజంగానే ప్రాణం కాస్తుంది. మన .32 లాంగ్ గుండు 98 గ్రెయిన్లు, వేగం సుమారు 700 అడుగులు. అది తన్నేది ఎంత చెప్పండి, రివాల్వర్ బరువే సగం మింగేస్తుంది. మా బావమరిదిది, నాది రెండూ ఒకే రోజు రేంజిలో కాల్చాం, దెబ్బలో తేడా చెప్పమంటే కళ్ళు మూసుకుని నేను చెప్పలేను.

అసలు తేడా ట్రిగ్గర్ దగ్గర వస్తుంది, ఇది షాపులో ఎవరూ చెప్పరు. మన .32ని హ్యామర్ వెనక్కి లాగకుండా డైరెక్టుగా ట్రిగ్గర్ నొక్కి కాలిస్తే ఎంత బరువో మీకు తెలిసే ఉంటుంది, ఆ లాగే బలానికి పిడి అరచేతిలో కొద్దిగా తిరుగుతుంది, చెమట పట్టిన నున్నటి చెక్క అయితే ఇంకా తిరుగుతుంది, గుండు ఎడమకో కిందకో పోతుంది, మనమేమో తుపాకీ బాలేదు సైటు బాలేదు అనుకుంటాం. కాబట్టి పిడి చేయాల్సిన పని చేతిలో తిరగకుండా ఉండడం. గళ్ళు సన్నగా పదునుగా చెక్కితే చెక్క కూడా రబ్బరులాగే పట్టుకుంటుంది, చెమటలో కూడా.

రెండోది చేతి సైజు. గుళ్ళన్నీ తీసేసి, సిలిండర్ ఖాళీ అని ఒకటికి రెండుసార్లు చూసుకుని, గోడ వైపు పట్టి మామూలుగా పట్టుకోండి. నళీ మీ ముంజేతికి తిన్నగా ఉండగానే చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గర్ మీద పడాలి. పడటంలేదు, చెయ్యి పక్కకి తిప్పితేనే అందుతుంది అంటే పిడి మీకు లావు. ఇక్కడే రబ్బరు వెనకబడుతుంది, ఎందుకంటే చాలా రబ్బరు గ్రిప్‌లు వెనకున్న ఇనప వెన్నుని కూడా కప్పేస్తాయి, దాంతో ట్రిగ్గర్ ఇంకా దూరం అవుతుంది. చెక్కవి రెండు పక్కల రెండు పలకలు, వెన్ను ఖాళీగానే ఉంటుంది, పైగా లావైతే కాస్త అరగదీయించుకోవచ్చు, రబ్బరుని ఏం అరగదీస్తారు. మీ చేతులు పెద్దవైతే మాత్రం ఈ పేరా మీకు అక్కర్లేదు, రబ్బరు లావు మీకు మేలే చేస్తుంది.

ఇక మన వాతావరణం. రబ్బరుకి నీళ్ళు తగిలితే ఏం కాదు అంటారు, రబ్బరుకి కాదు నిజమే, దాని కింద ఇనుముకి అవుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా గజపతి జిల్లా ఏమైందో మీకు చెప్పక్కర్లేదు, కరెంటు లేదు, ఇళ్ళన్నీ చెమ్మ. ఆ తర్వాత మా బావమరిది శుభ్రం చేద్దామని రబ్బరు విప్పితే లోపల ఫ్రేము మీద ఎర్రగా తుప్పు పొర, బయటికి మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది. చెమట ఉప్పు లోపలికి దిగి బయటికి రాదు మరి. నా చెక్కది కూడా ఆ చెమ్మకి ఉబ్బింది, స్క్రూ బిగిసిపోయింది, కానీ ఎండాకాలానికి మళ్ళీ మామూలైంది. మీ పిడి చీలడానికి కూడా బహుశా ఇదే కారణం, ఎండాకాలంలో వదులైందని ఎవరో స్క్రూ బిర్రుగా బిగించేసి ఉంటారు, వానల్లో చెక్క ఉబ్బితే పోవడానికి చోటు ఉండదు, చీలుతుంది. స్క్రూ వేళ్ళతో తిరగనంత బిగిస్తే చాలు. గన్ ఆయిల్ చెక్కకి అంటనివ్వకండి, మెత్తబడిపోతుంది, చెక్కకి అప్పుడప్పుడు రెండు చుక్కలు అవిసె నూనె రాసి గుడ్డతో బాగా తుడిచేయండి. రబ్బరే వేయించుకుంటే క్లీనింగ్ మందులు తగలనివ్వకండి, జిగురొస్తుంది, వానాకాలంలో నెలకోసారైనా విప్పి కింద తుడవండి. ఎలక్షన్లకి స్టేషన్‌లో డిపాజిట్ చేయమన్నప్పుడు కూడా ఇదే, తోలు పౌచ్‌లో పెట్టి ఇవ్వకండి, తోలు చెమ్మ పీల్చుకుని పట్టి ఉంచుతుంది.

చొక్కా కింద నడుముకి పెట్టుకునే అలవాటు ఉంటే ఇంకో మాట. రబ్బరు గుడ్డని పట్టుకుంటుంది, చొక్కా అంచు దానికి అంటుకుని పైకి లేస్తుంది, తీసేటప్పుడు అడ్డం కూడా పడుతుంది. చెక్క జారిపోతుంది. ఇంట్లో బీరువాలో ఉంచేవాళ్ళకి ఇది ఎటూ సమస్య కాదు.

డబ్బులు పెట్టేముందు ఒక పని చేయండి, పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి పిడి మీదకి తొడిగి ఒకసారి రేంజిలో కాల్చి చూడండి, రబ్బరు పట్టు మీకు నచ్చుతుందో లేదో పైసా ఖర్చు లేకుండా తెలిసిపోతుంది. కాల్చాక తీసేయండి, ఇంటికి అలాగే తేవద్దు.

ఇంకా ఇంటర్నెట్‌లో చూసి హోగ్, పాక్‌మైర్ అనే అమెరికా కంపెనీల రబ్బరు గ్రిప్‌లు తెప్పించుకోకండి. అవి స్మిత్ అండ్ వెసన్, రూగర్ లాంటి అమెరికా రివాల్వర్ల ఫ్రేములకి చేసినవి, మనది పాత బ్రిటిష్ వెబ్లీ రివాల్వర్ పద్ధతిలో మధ్యలో మడిచి తెరిచేది, కూర్చోవు. 2023లో వచ్చిన ప్రబల్ అనే కాన్పూరు రివాల్వర్ పిడి కూడా సరిపోదు, దాంట్లో సిలిండర్ పక్కకి వస్తుంది, ఫ్రేమే వేరు. మా ఊళ్ళో కొమ్ముపని ఫేమస్ కదా, నన్ను చాలామంది కొమ్ముతో పిడి చేయించవచ్చుగా అని అడిగారు. చూడ్డానికి అందంగా ఉంటుంది గానీ ఎండకి వంకరపోతుంది, పురుగు కూడా పడుతుంది. దుప్పి కొమ్ము అయితే అసలు పేరే ఎత్తకండి, 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు.

కాబట్టి చీలిన పలక తీసుకుని లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్ దగ్గరికే వెళ్ళండి, అక్రోట్ కానీ బాగా ఆరిన టేకు కానీ పెట్టి రెండు పలకలూ కొత్తవి చేయించండి, ఒక్కటే మారిస్తే లావు తేడా వస్తుంది. ఊరి వడ్రంగికి రివాల్వర్ అప్పగించి రావద్దు, అది చట్టరీత్యా తప్పు, ఆయన్నీ ఇరికించినట్టవుతుంది. చేయించాక సరిపోయిందో లేదో ఇక్కడ రాయండి, ఫోటో పెడితే మాత్రం రివాల్వర్ నంబరు కనపడకుండా పెట్టండి.