డబ్బా టీవీలో బొమ్మ వంకర పోతుంటే

చిరంజీవి అల్లుడికి,

పరకాలలో మీ బాపమ్మ చూసే డబ్బా టీవీలో బొమ్మ వణుకుతోందని, ఓ మూల ఆకుపచ్చ మచ్చ పడిందని చెప్పావు. కొత్తది కొందామని అప్పుడే అనకు. ఆమె చెయ్యి ఆ రిమోట్‌కే అలవాటు పడింది, పైగా ఇవి చాలావరకు నయమయ్యే జబ్బులే.

ముందు టీవీ రిమోట్‌తో సౌండ్ పెంచు, సెటాప్ బాక్స్ రిమోట్‌తో కాదు. తెర మీద సౌండ్ గీత వస్తుంది కదా, దాన్నే చూడు. గీత కదలకుండా ఉండి వెనక బొమ్మ ఒక్కటే వణుకుతుంటే టీవీ మంచిదే. సెటాప్ బాక్స్‌లోనో, దాని పసుపు పిన్ను వైరులోనో తేడా ఉంది. పిన్ను పీకి, తుడిచి, గట్టిగా పెట్టు. గీత కూడా వణికితే తప్పు టీవీ లోపలైనా ఉండాలి, పక్కన పెట్టిన స్టెబిలైజర్‌దైనా కావాలి. ఒకసారి దాన్ని దూరం జరిపి చూడు. మనుషులు సన్నగా, పొడుగ్గా కనిపిస్తే మాత్రం బాక్స్ సెట్టింగుల్లో 16:9 తీసి 4:3 పెట్టు, అంతే.

ఇక మచ్చ. తెర అద్దం వెనకే సన్న చిల్లుల ఇనుప రేకు ఒకటుంటుంది. దానికి అయస్కాంత గుణం పట్టుకుంటే ఎరుపు మీద పడాల్సిన కిరణం ఆకుపచ్చ మీద పడుతుంది. పక్కన అయస్కాంతం ఉండే పెద్ద స్పీకర్ బాక్స్ ఉందేమో చూడు, ఉంటే ముందు అది తియ్యి. రేకుకి పట్టిన ఆ గుణాన్ని పోగొట్టే కాయిల్ టీవీలోనే ఉంటుంది, కానీ స్విచ్ వేసిన మొదటి రెండు మూడు సెకన్లే పనిచేస్తుంది, అదీ దాన్ని నడిపే లోపలి పార్టు చల్లగా ఉంటేనే. రిమోట్‌తో ఆపితే చాలదు. గోడ స్విచ్ ఆపి అరగంట ఆగి వెయ్యి. "బుంయ్" మని చిన్న చప్పుడు వస్తుంది. ఇలా నాలుగైదుసార్లు చేస్తే మచ్చ పలచబడుతుంది. టీవీ కిందపడ్డాక వచ్చిన మచ్చయితే రేకే వంగి ఉంటుంది, అది పోదు.

ఎప్పుడైనా బొమ్మంతా పోయి నడుమ ఒక్క తెల్ల గీతే మిగిలితే వెంటనే ఆపెయ్యి. అలాగే నడిస్తే ఆ గీత పడ్డచోట తెర కాలిపోతుంది. చాలాసార్లు అది సోల్డర్ వదిలిన జాయింటో, ఒక ఐసీనో, పెద్ద ఖర్చు కాదు.

వెనక మూత మాత్రం విప్పకు బిడ్డా. కలర్ ట్యూబ్‌కి 20 వేల వోల్టులకు పైనే వెళ్తుంది, ప్లగ్గు పీకినా ఆ చార్జి ట్యూబ్‌లో నిలిచి ఉంటుంది. మీ ఇంట్లో ఎవరికీ ఏమీ కాకూడదు.

బాగు చేయించడానికి హన్మకొండకు తెస్తే ఆటోలో సీటు మీద పరుపు వేసి, దాని మీద తెర కిందికి ఉండేలా పెట్టు. మొయ్యడానికి ఇంకొకరిని పిలువు. బరువంతా ముందు అద్దంలోనే ఉంటుంది కాబట్టి తెర నీ ఛాతీ వైపు ఉండేలా పట్టుకో.

మీ మామ