మాస్టారికి ఇప్పుడే ఇవ్వండి, పుస్తకానికి అప్పు చేయకండి

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. నాకు 41 ఏళ్లు. ప్రైవేటు జూనియర్ కాలేజీలో కామర్స్ చెబుతాను, నెలకు 42,000 చేతికొస్తుంది. మా వారికి రెండెకరాల కొబ్బరి తోట. ఖర్చులు పోను ఏడాదికి 1,80,000 దాకా మిగులుతుంది. ఇంటి ఖర్చు 27,000, హౌస్ లోన్ 8,500, చీటీ 3,000. బ్యాంకులో 1,50,000 ఎఫ్‌డీ ఉంది. బాబు టెన్త్, పాపకు ఎనిమిదేళ్లు. పదిహేనేళ్లుగా కథలు రాస్తున్నాను. ఇప్పుడు పుస్తకం వేద్దామనుకుంటే 500 కాపీలకు 70,000 అడిగారు. నాకు రాయడం నేర్పింది మా తెలుగు మాస్టారు. చదవడం అలవాటు చేసింది శాఖా గ్రంథాలయంలో పనిచేసిన ఒక మేడమ్. పుస్తకావిష్కరణ ఘనంగా చేసి ఇద్దరికీ చెరో లక్ష ఇవ్వాలని నా కోరిక. మూడు లక్షలు పర్సనల్ లోన్ తీసుకుంటానంటే మా వారు ఒప్పుకోవడం లేదు. 'ఆ బ్యాడ్మింటన్ పిచ్చి మానుకుంటే ఆ డబ్బే సరిపోతుంది' అంటున్నారు. ఏడాదికి రెండుసార్లు మ్యాచ్‌లు చూడటానికి వెళ్తాను, 45,000 అవుతుంది. సాయంత్రం ట్యూషన్లు చెబితే నెలకు 9,000 వస్తాయి గానీ పిల్లల్ని ఎవరు చూస్తారు, నేను రాసేదెప్పుడు? ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరం చివర రాసిన నాలుగు లైన్లు పైన పెట్టలేదు, ఇక్కడ చెబుతాను. మీ మొదటి కథ నోటుబుక్కులో రాసుకెళ్లి ఇస్తే మాస్టారు ఎర్ర సిరాతో రెండు పేజీలు కొట్టేసి, పక్కన మార్జిన్లో 'ఇక్కడ మీ అమ్మమ్మ ఎలా మాట్లాడుతుందో అలా రాయి' అని రాశారన్నారు. ఆ నోటుబుక్కు ఇంకా మీ బీరువాలో ఉందన్నారు. ఆయనకిప్పుడు 74 ఏళ్లని, ప్రైవేటు స్కూల్లో చేశారు కాబట్టి పెన్షన్ లేదని, కంట్లో శుక్లాలు వచ్చి పేపరు కూడా చదవలేకపోతున్నారని కూడా రాశారు.

అందుకే నా సలహా ఆయన దగ్గర మొదలుపెడుతున్నాను. పుస్తకం ఏడాది ఆగగలదు, కథలు ఎక్కడికీ పోవు. 74 ఏళ్ల మనిషికి మందులు ఏడాది ఆగవు.

ముందు లోన్ సంగతి తేల్చేద్దాం. మూడు లక్షలు 13 శాతం వడ్డీకి మూడేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 10,100 కట్టాలి. మీ జీతంలో అన్నీ పోను మిగిలేది 3,500. మిగతాది తోట మీద పడుతుంది. మూడేళ్లలో కట్టే వడ్డీ 64,000 దాకా ఉంటుంది, అంటే ఇంచుమించు ఇంకో పుస్తకం అచ్చు ఖర్చు. పైగా తోట ఆదాయం ప్రతి దింపుకీ, అంటే కాయలు దించిన ప్రతిసారీ, మారుతుంది. అంబాజీపేట మార్కెట్లో వెయ్యి కాయల ధర ఎలా ఎక్కుతుందో, ఎలా దిగుతుందో మీ వారికి తెలిసినంత నాకు తెలియదు. 1996 నవంబరు తుపాను కోనసీమ తోటల్ని ఏం చేసిందో మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. పడిన చెట్టు స్థానంలో నాటిన దేశవాళీ మొక్క కాపుకొచ్చేసరికి ఆరేడేళ్లు పడుతుంది. అలాంటి ఆదాయాన్ని నమ్ముకుని ఈఎంఐ పెట్టుకోవద్దు. లోన్ విషయంలో మీ వారి మాటే కరెక్టు. ఎఫ్‌డీ కూడా కదపకండి. మీ ఇంటి ఖర్చు, హౌస్ లోన్ కలిపితే అది నాలుగు నెలలకు సరిపోయే డబ్బు. పుస్తకం కోసం దాన్ని తీయడమంటే ఇల్లు పీకి పందిరి వేసినట్టే.

బ్యాడ్మింటన్ విషయంలో మాత్రం ఆయనతో ఏకీభవించను. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్, చిరాగ్ శెట్టితో కలిసి 2022లో ఇండియా ఓపెన్ గెలిచాడు. అదే ఏడాది పురుషుల జట్ల ప్రపంచ పోటీ థామస్ కప్ గెలిచిన జట్టులో ఉన్నాడు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చాడు. మన ఊరి పిల్లాడు ప్రపంచంలో అంత ఎత్తున ఆడుతుంటే కళ్లారా చూడాలనుకోవడం పిచ్చి కాదు. అది మీరూ మీ అబ్బాయీ కలిసి గడిపే సమయం కూడా. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని పాయింటు పాయింటుకీ అరుస్తామని మీరే రాశారు. పదిహేనేళ్ల కుర్రాడు తల్లితో కలిసి అంత ఇష్టంగా చేసే పని ఇంకేముంటుంది?

ఇబ్బంది 45,000 దగ్గర, పండగ దగ్గర వస్తోంది. ఇండియా ఓపెన్ ఢిల్లీలో జనవరి మధ్యలో జరుగుతుంది, అంటే సరిగ్గా మనకు సంక్రాంతి రోజులు. ఇంటి కోడలు కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి రాకుండా రాజమండ్రిలో రైలెక్కితే అత్తగారికి బాధ కలగదా? ఢిల్లీ రెండేళ్లకోసారి పెట్టుకోండి, అదీ ఇంట్లో అందరితో ముందే మాట్లాడుకుని. మిగతా ఏడాది దగ్గరలో ఏ టోర్నీ పడితే దానికి వెళ్లండి, లేదంటే ఇంట్లో టీవీలో అందరూ కలిసి చూడండి. ఏడాదికి 18,000 మ్యాచ్‌ల డబ్బు అని గీత గీసుకోండి. వెళ్లని ఏడాది ఆ డబ్బు మిగిలితే తరువాతి ఢిల్లీకి దాచుకోవచ్చు.

మ్యాచ్‌ల ఖర్చు బెట్టింగ్ యాప్‌లో రాబట్టుకోవచ్చని మీ మరిది అన్నారని రాశారు. ఆ మాట మళ్లీ ఎత్తనివ్వకండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది. 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది. చట్టం సంగతి అటుంచినా, మీ అబ్బాయి ముందు ఆ యాప్ ఒక్కసారి తెరిస్తే ఆటని చూసే వాడి కన్నే మారిపోతుంది.

ఇక మాస్టారి విషయం. చెరో లక్ష అన్నారు. మీ మనసు నాకు అర్థమైంది. కానీ సభలో కవరు అందుకోవడానికి ఆయన ఇష్టపడతారా? మీరు రాసిన దాన్నిబట్టి చూస్తే పూలదండకే ఇబ్బంది పడే మనిషిలా ఉన్నారు. ఇంకో సంగతి కూడా ఉంది. బంధువులు కాని వాళ్ల నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో అందరి దగ్గరా కలిపి 50,000 దాటి వస్తే, ఆ మొత్తమంతా తీసుకున్న వారి ఆదాయంగా లెక్కకొస్తుంది. మాస్టారికి పన్ను పడకపోవచ్చు గానీ, ఈ వయసులో ఆయనకా లెక్కలెందుకు?

నెలకు 1,500 పెట్టుకోండి, ఏడాదికి 18,000. ఆయన చేతికి ఇవ్వొద్దు. ఆయన మందులు తెచ్చుకునే షాపులో ఖాతా పెట్టించి, ప్రతి నెలా మొదటి వారంలో మీరే కట్టేయండి. ఇలా చాలామంది చేస్తారు, షాపు వాళ్లు కాదనరు. మాస్టారి భార్యకు మాత్రం ముందే చెప్పండి.

దానికంటే ముందు డబ్బు ఖర్చు లేని పనులు కొన్ని ఉన్నాయి. 70 ఏళ్లు నిండిన వాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు ఆసుపత్రి ఖర్చు భరించే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు నుంచి ఇస్తున్నారు. దానికి ఆధార్ చాలు. మాస్టారికి ఆ కార్డు ఉందా? ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధాప్య పింఛను నెలకు 4,000 ఇస్తున్నారు. ఆయనకు అర్హత ఉందో లేదో సచివాలయంలో అడిగారా? స్కూల్లో ఆయన జీతం నుంచి పీఎఫ్ కోసి ఉంటే, పదేళ్ల సర్వీసు నిండితే పీఎఫ్ పెన్షన్ కూడా రావాలి. పాత జీతం చీటీ ఒక్కటి దొరికినా దాన్ని పట్టుకుని పీఎఫ్ ఆఫీసులో వాకబు చేయొచ్చు. శుక్లాల ఆపరేషన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగానే చేస్తారు. ఆయన్ని తీసుకెళ్లి, క్యూలో నిలబడి, మళ్లీ ఇంట్లో దిగబెట్టే మనిషి కావాలి, అంతే. ఒక శనివారం మీరు సెలవు పెట్టి ఆ పని చేస్తే, అది లక్ష రూపాయల కవరు కంటే ఆయనకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

చూపు వచ్చాక ఇంకొకటి చేయొచ్చు. మీకిచ్చిన 70,000 కొటేషన్లో ప్రూఫులు దిద్దడానికి కూడా కొంత వేశారు. ఆ పని మాస్టారికి అప్పగించి, ఆ డబ్బు పారితోషికంగా ఆయనకే ఇవ్వండి. పని చేసి తీసుకున్న డబ్బు కాబట్టి ఆయనకు మొహమాటం ఉండదు. మీ కథల మీద మళ్లీ ఎర్ర సిరా పడుతుంది.

గ్రంథాలయం మేడమ్‌కు పెన్షన్ వస్తోందన్నారు, పిల్లలు స్థిరపడ్డారన్నారు. ఆవిడకు డబ్బు అవసరం లేదు. ఆవిడకి లక్ష ఇవ్వడం కంటే, ఆవిడ పనిచేసిన గ్రంథాలయానికి రెండు మాసపత్రికల చందా ఆవిడ పేరు మీద కట్టండి. వీలైనప్పుడల్లా పిల్లల పుస్తకాలు నాలుగు కొనివ్వండి. ఇంటి పన్నుతో పాటు మనమంతా గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నాం, అయినా చిన్న శాఖలకు కొత్త పుస్తకాలు చేరేది తక్కువ. నెలకు 500 చాలు, జీతంలోంచి సర్దుకోవచ్చు.

ఇప్పుడు తోట డబ్బు. ఏడాదికి ఆరు దింపులు, దింపుకు సగటున 30,000. ఇందులో బాబు ఫీజు 60,000, మ్యాచ్‌లకు 45,000 పోగా మిగిలిన 75,000 ఎటు పోతోందో తెలియడం లేదని మీరే అన్నారు. ఎటూ పోవడం లేదు, ఇంటి ఖర్చులో కలిసిపోతోంది. దింపు డబ్బు చేతికొచ్చిన రోజునే విడగొట్టండి: ఫీజులకు 10,000, బీమాకు, పాపకు 6,000, పుస్తకానికి 4,000, మాస్టారికి 3,000, మ్యాచ్‌లకు 3,000, పండగలకు, ఇంటి రిపేర్లకు 4,000. ధర పడిపోయిన దింపులో పుస్తకం, మ్యాచ్‌ల వాటాలు తగ్గించండి. మాస్టారి వాటా, ఫీజు వాటా ముట్టుకోవద్దు.

బీమా ఎందుకంటే, హౌస్ లోన్ మీ జీతం మీద నడుస్తోంది. మీ పేరున 50 లక్షల టర్మ్ పాలసీ (మనిషి పోతే ఇంటివాళ్లకు డబ్బొచ్చే జీవిత బీమా) తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా, ఆరోగ్య బీమా ప్రీమియంల మీద జీఎస్టీ కూడా లేదు. తోటలో తిరిగే మనిషి కాబట్టి మీ వారికి బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల సురక్షా ప్రమాద బీమా, వయసు 50 దాటకపోతే 436 రూపాయల జీవన్ జ్యోతి జీవిత బీమా తప్పకుండా చేయించండి. పాపకు పదేళ్లు నిండకముందే పోస్టాఫీసులో సుకన్య ఖాతా తెరవాలి. పద్దెనిమిదేళ్లు వచ్చాక పైచదువులకు అందులో సగం దాకా తీసుకోవచ్చు. నెలకు 1,000తో మొదలుపెట్టండి. చీటీ చివరిదాకా కట్టండి, పుస్తకం కోసం తొందరపడి తక్కువకు పాడుకోవద్దు.

ట్యూషన్ల దగ్గర నాది మధ్యే మార్గం. ఏడాది పొడుగునా వద్దు. మీరు తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి రాస్తానన్నారు. రాత్రి తొమ్మిది దాకా ట్యూషన్లు చెప్పిన మనిషి నాలుగున్నరకు లేవలేదు, రాత అక్కడే ఆగిపోతుంది. పరీక్షల ముందు నాలుగు నెలలు మాత్రం చెప్పండి, 36,000 వస్తాయి. ఆ నాలుగు నెలలు సాయంత్రం పాప చదువు, వంట మీ వారు, అత్తగారు చూసుకోవాలి. దింపు లెక్కలు రాసే పని ఎలాగూ ఆదివారాలు మీరే చేస్తున్నారు కదా, కాబట్టి అది అడగడానికి మీరు వెనకాడక్కర్లేదు.

ఆ 36,000కి తోట నుంచి ఏడాదికి వచ్చే 24,000 కలిపితే 60,000. అప్పు లేకుండా పుస్తకం వచ్చేస్తుంది, 500 కాపీలు మాత్రం కాదు. 300 వేయించండి. 200 ధర పెడితే, షాపుల ద్వారా అమ్మినప్పుడు అందులో సగం దాకా కమీషన్ పోతుంది. 500 వేస్తే మిగతా 200 కాపీలు మంచం కింద తేమ పట్టి పాడవుతాయి, మన డెల్టా వానాకాలం సంగతి మీకు తెలుసు. అచ్చుకు ముందే స్నేహితుల దగ్గర, పాత విద్యార్థుల దగ్గర ఆర్డర్లు తీసుకోండి. ఐఎస్‌బీఎన్ నంబరు, అంటే ప్రతి పుస్తకానికీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య, ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది, దానికి ఎవరైనా డబ్బడిగితే ఇవ్వొద్దు. మీ జీతం స్థాయికి పుస్తకం అమ్మకాల మీద పన్ను పడుతుందన్న టెన్షన్ అక్కర్లేదు. వచ్చిందీ పోయిందీ ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి, చాలు.

ఆవిష్కరణకు ఫంక్షన్ హాలు వద్దు. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. మేడమ్ పనిచేసిన ఆ శాఖలోనే సభ పెట్టుకోవడానికి ముందే అనుమతి అడగండి. కుర్చీలుంటాయి, మైకు ఉంటుంది, పిల్లలూ వస్తారు. రెండు శాలువాలు, పళ్లు, వచ్చిన వాళ్లకు టీ, కాజా పెట్టినా మూడు వేలు దాటదు. దాన్ని పుస్తకం వాటాలోంచే తీయండి. మాస్టారిని ఇంటి నుంచి తీసుకురావడానికి ఆటో మీ వారినే మాట్లాడమనండి.