మా అమ్మాయి అడిగిన సాక్ష్యం

“నాకు యాభై రెండేళ్లు. సంఘంలో పెద్దగా ఉన్నాను. పదిహేనేళ్లుగా ఆదివారం బడిలో పిల్లలకు వాక్యం చెబుతున్నాను. మా అమ్మాయికి ఇరవై. మూడు నెలల కిందట కుటుంబ ప్రార్థనలో ‘దైవావేశమువలన కలిగిన ప్రతిలేఖనము’ అన్న వచనం చదువుతుంటే మధ్యలో ఆపి, ‘నాన్నా, ఇది దేవుడి మాట అని ఇందులోనే రాసి ఉంటే సరిపోతుందా? బయట ఎక్కడైనా సాక్ష్యం ఉందా?’ అంది. సాతాను నీ నోట పలికిస్తున్నాడని అరిచాను. తర్వాత మనసు ఒప్పక, ఆధారాలు చూపిద్దామని నా ఫోన్‌కు వచ్చిన వీడియోలు పంపాను. అందులో ఒకటి, యెహోషువ కాలంలో సూర్యుడు ఆగిన రోజును నాసా కంప్యూటర్లు పట్టుకున్నాయన్నది. అది కట్టుకథ అని చూపించే వ్యాసం ఒకటి తిరిగి నాకు పంపింది. అంతే, మరో మాట లేదు. ప్రార్థనకు రావడం మానేసింది. వాళ్లమ్మతో మాట్లాడుతుంది, నాతో మాట్లాడదు. గ్రంథం బయట, అది దేవుడిదే అని చెప్పే ఆధారం నిజంగా ఉందా? ఉంటే చెప్పండి, చూపిస్తాను. లేకపోతే ఇన్నేళ్లూ నేను పిల్లలకు చెప్పిందేమిటి? చెప్పడం మానేయాలా? ఒక్క మాట దాచలేను. తన వయసులో నాకూ ఇదే అనుమానం వచ్చింది. ఎవరినీ అడగలేదు.”

మీ ఉత్తరంలో అసలు సంగతి ఆ చివరి రెండు వాక్యాల్లో ఉంది. అక్కడికి వస్తాను. ముందు మీరు అడిగినదానికి జవాబు చెప్పాలి. దాన్ని దాటేసి ఓదార్పు మొదలుపెడితే, మీ అమ్మాయికి మీరు చేసిందే మీకు నేను చేసినట్టవుతుంది.

నేను మీ సంఘానికి చెందినదాన్ని కాను. మిమ్మల్ని విశ్వాసంలో నిలబెట్టడం గానీ, అందులోంచి లాగడం గానీ నా పని కాదు. తెలిసినంత చెబుతాను.

ఆధారాలున్నాయి. అవి దేనికి ఆధారాలో చూద్దాం.

యూదా రాజు హిజ్కియా కథ మీకు నాకన్నా బాగా తెలుసు. క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు యూదా మీదికి దండెత్తాడు. ఆ రాజు తన విజయాలను ఆరు ముఖాల మట్టి దిమ్మెల మీద రాయించుకున్నాడు. 1830లో నీనెవె శిథిలాల్లో దొరికిన ఒక దిమ్మె ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అందులో హిజ్కియా పేరుంది. అతన్ని యెరూషలేములో పంజరంలో పక్షిలా బంధించానని సన్హెరీబు చెప్పుకున్నాడు. కప్పం లెక్కా ఉంది: 30 తలాంతుల (తలాంతు అప్పటి తూకం) బంగారం, 800 తలాంతుల వెండి. రాజుల రెండో గ్రంథం 18వ అధ్యాయంలో, హీబ్రూ మూలం ప్రకారం, బంగారం అదే 30 తలాంతులు, వెండి 300. (తెలుగు అనువాదంలో మణుగుల లెక్క కాబట్టి అంకె వేరుగా కనిపించవచ్చు.) వెండి దగ్గర తేడా వచ్చింది గానీ, శత్రువు రాయించుకున్న లెక్కా మీ గ్రంథంలో లెక్కా బంగారం దగ్గర కలిశాయి. రెండున్నర వేల ఏళ్లు దాటిన సంగతికి ఇంత గట్టి బయటి సాక్షి దొరకడం అరుదు.

యెరూషలేమును పట్టుకున్నానని కూడా సన్హెరీబు ఎక్కడా అనలేదు. మరి ఆ రాత్రి యెహోవా దూత అష్షూరు దండులో 1,85,000 మందిని హతం చేశాడని మీ గ్రంథం చెప్పే సంగతి? అది దిమ్మె మీద లేదు. ఏ రాజు తన చేటును చెక్కించుకుంటాడని మీరు అడుగుతారు. న్యాయమైన మాటే. అయినా అతను నోరు మూసుకున్నాడు కాబట్టి దూత వచ్చాడని తేల్చలేం కదా. ముట్టడికి ఇద్దరు సాక్షులున్నారు. దూతకు ఒక్కరే.

ఇంకోటి. 1868లో దీబోను దగ్గర ఒక నల్లరాతి శాసనం బయటపడింది. చెక్కించినవాడు మోయాబు రాజు మేషా, రాజుల రెండో గ్రంథం మూడో అధ్యాయంలో మీరు చదివే ఆ మేషాయే. ఇశ్రాయేలు రాజు ఒమ్రీ పేరు అందులో ఉంది, యెహోవా పేరు కూడా ఉంది. కథ మాత్రం అటువైపు నుంచి. తమ దేవుడు కెమోషుకు దేశం మీద కోపం వచ్చింది కాబట్టి ఒమ్రీ తమను అణిచాడట. తర్వాత కెమోషు తనకు గెలుపిచ్చాడట. పేర్లు మార్చి చదివితే మీ గ్రంథంలోని వాక్యాల్లాగే ఉంటాయి. రాజు ఉన్నాడు, యుద్ధం జరిగింది, ఊళ్లూ ఉన్నాయి. అంతమాత్రాన కెమోషు దేవుడని మీరు ఒప్పుకుంటారా? ఒప్పుకోరు. మీ అమ్మాయి అదే కొలబద్దను ఇటువైపు కూడా పెట్టమంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. 1961లో కైసరయలో పిలాతు పేరున్న రాయి దొరికింది. 1993లో తేల్ దాను దగ్గర ‘దావీదు ఇల్లు’ అన్న మాట ఉన్న శాసనం ముక్క దొరికింది. అప్పటిదాకా దావీదును వట్టి కల్పన అన్నవాళ్లకు అది ఇబ్బందే అయింది. తిబెరి కాలంలో పిలాతు క్రీస్తును చంపించాడని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఆయన క్రైస్తవుల మీద ప్రేమ ఉన్నవాడేం కాదు. 1947 నుంచి మృతసముద్రం ఒడ్డున కుమ్రాను గుహల్లో చుట్టలు దొరుకుతూ వచ్చాయి. వాటిలో యెషయా గ్రంథపు పెద్ద చుట్ట క్రీస్తుకు నూరేళ్లకు పైగా ముందుదని పండితుల అంచనా. ఇప్పటికీ నిలిచిన సంపూర్ణ హీబ్రూ ప్రతుల్లో అన్నిటికన్నా పాతది 1008 ప్రాంతంలో రాసినది. వెయ్యేళ్లకు పైబడిన ఎడంలో అక్షరాల తేడాలు, అక్కడక్కడ మాటల తేడాలు ఉన్నాయి, గ్రంథం మాత్రం అదే. నకళ్లు రాసినవాళ్ల శ్రద్ధకు చేతులెత్తి దండం పెట్టాలి. అవే గుహల్లో యిర్మీయాకు ఇప్పటిదానికన్నా పొట్టి పాఠం కూడా దొరికింది. మీకొచ్చే వీడియోల్లో ఈ రెండో సంగతి ఉండదు. 1950లలో యెరికోలో తవ్విన క్యాథ్లిన్ కెన్యన్‌కు గ్రంథం కూలిందని చెప్పే, యెహోషువ కాలానికి సరిపడే గోడ దొరకలేదన్నదీ ఉండదు.

ప్రవచనాల మాట మీరు తప్పకుండా ఎత్తుతారు. యెషయా 53 యేసుకన్నా ముందే రాసి ఉందనడానికి కుమ్రాను చుట్టే రుజువు, అందులో సందేహం లేదు. అక్కడి బాధపడే సేవకుడు యేసేనా అన్నది మాత్రం చదివేవారి మీద ఉంది. ఆ సేవకుడు ఇశ్రాయేలు జనమే అని యూదు వ్యాఖ్యాతలు చాలామంది చదువుతారు. ఇక మారిన జీవితాల సాక్ష్యం అంటారా, అది ప్రతి మతంలోనూ నిజాయితీగానే వినిపిస్తుంది.

కాబట్టి తేలేది ఇంత. ఈ గ్రంథాన్ని కాకమ్మ కథల్లో కలిపేయకూడదని బయటి ఆధారాలు గట్టిగా చెప్పగలవు. మాట్లాడినవాడు దేవుడు అని తేల్చడం గడ్డపారకు చేతకాదు. కాదని తేల్చడమూ చేతకాదు. మీ అమ్మాయికి ఈ రెండో ముక్క కూడా చెప్పాలి.

ఇది నేను కొత్తగా గీసిన గీత కాదు. మీ మార్గంలో పెద్దవాడైన, పదహారో శతాబ్దపు ప్రొటెస్టంటు సంస్కర్త కాల్విన్ బయటి రుజువులను పక్కన సాయానికి వచ్చేవిగానే లెక్కపెట్టాడు. అవిశ్వాసికి ఇది దేవుడి మాట అని రుజువు చేయబోవడం తెలివితక్కువ పని అన్నాడు, ఆ నిశ్చయం లోపల పరిశుద్ధాత్మ ఇచ్చే సాక్ష్యం వల్లే కలుగుతుందన్నాడు. అంతకు పదకొండు వందల ఏళ్ల ముందు బిషప్పు అగస్టీన్ సంఘం మాట మీదే తాను సువార్తను నమ్మానన్నాడు. ఈ మాట మీద కథోలికులూ ప్రొటెస్టంటులూ ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు, అందులోకి మనం వెళ్లొద్దు. కానీ ఒక్కసారి మీ గ్రంథం మొదట్లో ఉన్న విషయసూచిక తీసి చూడండి. ఇన్ని పుస్తకాలే లేఖనం అన్న పట్టిక ఏ పుస్తకంలోనూ వచనంగా లేదు. ఇప్పుడున్న కొత్త నిబంధన 27 పుస్తకాలూ సరిగ్గా అలాగే కనిపించే తొలి జాబితా అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియస్ 367లో రాసిన పండుగ లేఖలోది. అంటే లేఖనం బయటి మనుషుల సాక్ష్యం మీద మీరు ఇప్పటికే నిలబడి ఉన్నారు. బయటికి చూడటమే పాపమైతే, గ్రంథం అట్టల మధ్యకి ఏ పుస్తకం వచ్చిందో కూడా చెప్పలేం.

క్రైస్తవుల ఇంట్లోనే పుట్టిన ప్రశ్న కూడా కాదిది. వేదం ఎందుకు ప్రమాణం అన్నదాని మీద మన శాస్త్రకారులు వందల ఏళ్లు కొట్టుకున్నారు. వేదానికి కర్తే లేడు, దాని ప్రామాణ్యం దానిలోనే ఉంది, బయటి సాక్షి అక్కర్లేదు అన్నారు వేదవాక్యాల అర్థాన్ని విచారించే మీమాంసకులు. తర్కాన్ని నమ్ముకున్న నైయాయికులు ఒప్పుకోలేదు. ఆయుర్వేదం చెప్పిన మందు పనిచేస్తుందో లేదో చూడగలం కదా, అక్కడ నిజం చెప్పిన ఆప్తుణ్ని, అంటే నమ్మదగినవాణ్ని, కనిపించని విషయాల్లోనూ నమ్మవచ్చు అన్నారు. తెలివైన దారే, అయితే మందు విషయంలో తప్పని వైద్యుడు స్వర్గం విషయంలోనూ తప్పడని ఎలా చెప్పగలం? ఇక ఆది శంకరులు, నూరు వేదవాక్యాలు చెప్పినా నిప్పు చల్లన అంటే అది ప్రమాణం కాదన్నారు. నిప్పును ముట్టుకుని చూడవచ్చు. మీ అమ్మాయి అడిగింది ముట్టుకుని చూడలేని దాని గురించి. ఇంతమంది తల పండినవాళ్లు తలలు పట్టుకున్న ప్రశ్న ఇరవై ఏళ్ల పిల్లకు తోచిందంటే అందులో సాతాను పనేముంది?

ఇప్పుడు ఆ చివరి రెండు వాక్యాలు.

మీరు ఆ వయసులో ఎవరినీ అడగలేదు. ఎందుకో రాయలేదు గానీ ఊహించగలను, అడిగితే ఏమవుతుందో మీకు తెలుసు. మీ అమ్మాయికి తెలియలేదు. ఆ అనుమానాన్ని స్నేహితుల దగ్గర కక్కేసి ఇంట్లో కళ్లు మూసుకుని ఆమెన్ అనగలదు. అలా చేయకుండా ప్రార్థనలో, మీ ఎదురుగా, ‘నాన్నా’ అని మొదలుపెట్టి అడిగింది. మీరు వింటారనుకుంది. మీ అరుపులో సగం, ముప్ఫై ఏళ్ల కిందట నోరు నొక్కుకున్న ఆ కుర్రాడికి తగలాల్సిందేమో అనిపిస్తోంది. ఇది నా ఊహే, కాదనిపిస్తే వదిలేయండి.

అందుకని నేను పైన రాసిందంతా పట్టుకుని ఆమె గదిలోకి వెళ్లకండి. మూడు నెలలుగా ఆమె ఎదురుచూస్తున్నది శాసనాల కోసం అనుకోను. ముందు చెప్పాల్సినవి ఇవి: ఆ రోజు అరవడం తప్పు. సాతాను అనడం ఇంకా తప్పు. ఆ వీడియో నిజమో కాదో చూసుకోకుండా పంపాను. నీ వయసులో నాకూ ఇదే ప్రశ్న వచ్చింది, భయపడి అడగలేకపోయాను. ఈ నాలుగూ ఎదురుగా కూర్చుని చెప్పండి, ఫోన్‌లో పంపకండి. అయిదో వాక్యం మీ నోటికి ‘కానీ’ అంటూ వస్తుంది. దాన్ని మింగేయండి.

ఆమె ‘సరే’ అని లేచి వెళ్లిపోవచ్చు. వెళ్లనివ్వండి. రేపటి నుంచి ప్రార్థనకు వస్తావా అని మాత్రం అడగొద్దు, అడిగితే అంతకుముందు చెప్పిందంతా దానికి ఎర అనిపిస్తుంది. వాళ్లమ్మతో కబురు పెట్టడం కూడా ఆపండి, ఆవిడ ఇప్పటికే ఇద్దరి మధ్యా నలుగుతూ ఉంటుంది. పాస్టరుగారిని మాట్లాడమని పంపాలనిపిస్తే, ముందు అమ్మాయిని అడిగి, ఆమె ఊ అంటేనే.

ఒకనాటికి తనే మళ్లీ ఆ ప్రశ్న ఎత్తితే, అప్పుడు హిజ్కియా, మేషా పనికొస్తారు. కలిసి చదవండి. మేషా సంగతి మీరే ముందు చెప్పండి, మీకు అనుకూలంగా లేనిది మీ నోటి నుంచి వింటే మిగతావి కూడా నమ్ముతుంది. నాసా వీడియోతో పోయింది అక్కడే కదా. ఎక్కడ మీ దగ్గర రుజువు అయిపోయి నమ్మకం మొదలవుతుందో అక్కడ ఆగి, ‘ఇక్కడి నుంచి నేను నమ్ముతున్నాను, ఎందుకంటే’ అని మీ జీవితంలోంచి చెప్పండి. అది విని కూడా ఆమె ‘నాకు నమ్మకం కుదరడం లేదు’ అనవచ్చు. దాని గురించి మీరు రాయలేదు గానీ, రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వనిది అదే అయి ఉంటుంది. అప్పుడూ ఆమె మీ కూతురే, అదే ఇంట్లో, అదే చనువుతో. ఆ భరోసా ముందే ఉంటే, ఆమె నిజం చెబుతుంది. లేకపోతే మీరు మీ తరంలో చేసినట్టే మౌనంగా ఉండిపోతుంది.

బోధించడం మానేయాలా అన్నారు. ఎందుకు మానాలి? లూకా తన సువార్త మొదటి నాలుగు వచనాల్లోనే, అన్నిటినీ మొదటి నుంచీ తరచి తెలుసుకుని రాస్తున్నానంటాడు. బెరయ పట్టణంవారు పౌలు చెప్పింది నిజమో కాదోనని లేఖనాలు పరిశోధించారని అపొస్తలుల కార్యములు మెచ్చుకుంటూ చెబుతుంది. మార్కు 9:24లో ‘నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము’ అన్నవాడూ ఒక బిడ్డ తండ్రే. ఆదివారం బడిలో ఈ మూడు భాగాలూ మీరు చెప్పే ఉంటారు. ఈసారి చెప్పేటప్పుడు పిల్లల్లో ఎవరైనా చెయ్యెత్తితే, పాఠం ఆపి వినండి.

ఆ నాసా వీడియో సంఘం గ్రూపులో కూడా పెట్టి ఉంటే, అది తప్పని మీరే అక్కడ రాయండి. అమ్మాయికి చెప్పనక్కర్లేదు, ఆ గ్రూపులో ఉంటే తనే చూస్తుంది.